వానకు లేచే గడ్డ

వార్డులో మీ మనిషి మంచం పక్కన నాలుగు రోజులు కూర్చుంటే చాలు, చూడవచ్చిన వాళ్ళలో ఎవరో ఒకరు ఈ మాట అనే ఉంటారు: "ఈ సెలైన్లతో బలం రాదమ్మా. గుట్ట మీద ఒక గడ్డ దొరుకుతుంది. పాలలో కాచి ఇయ్యి, వారంలో లేచి నడుస్తాడు." వారు మీ మేలు కోరే చెబుతారు. కొందరు ఊరకే చెప్పి పోరు, కొంగున కట్టుకుని గడ్డే తెస్తారు. ఆ గడ్డ ఏ మొక్కది, అది ఎక్కడ పెరుగుతుంది, ఎలా ఉంటుంది అని మీరు అడిగితే మాత్రం చాలామంది సరిగా చెప్పలేరు. అందుకే ఈ వ్యాసంలో ముందు ఆ మొక్కను చూద్దాం. మందు సంగతి తర్వాత.

అలా తెచ్చే గడ్డల్లో కొన్ని నేల మీద పెరిగే ఆర్కిడ్ మొక్కలవి. ఆర్కిడ్ అనగానే పెళ్ళి మండపాల్లో కట్టే ఊదారంగు పూలు గుర్తుకు వస్తాయి. అవి తోటల్లో పెంచినవి. ఐస్‌క్రీములో వేసే వెనీలా వాసన కూడా ఒక ఆర్కిడ్ తీగ కాయ నుంచి వచ్చేదే. ప్రపంచంలో దాదాపు 28,000 రకాల ఆర్కిడ్లు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతాయి. మామిడి చెట్ల మీద, మర్రి చెట్ల మీద కనిపించే కొన్ని బదనికలు అలాంటివే. మిగిలినవి మామూలు మొక్కల్లా మట్టిలో వేళ్ళూనుకుని, మట్టిలోనే గడ్డ పెట్టుకుంటాయి. మనకు కావలసింది ఈ రెండో రకం.

కొత్తచెరువు చుట్టుపక్కల గుట్టలను మీరు ఏప్రిల్‌లో చూసి ఉంటారు. కాలిన బండలు, ఎండిన బోద గడ్డి, ఆకు రాలిన ముళ్ళ పొదలు. ఈ ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా అన్ని నెలల్లో సమానంగా కురవదు. ఇలాంటి చోట నీరు నిండిన మెత్తని కాడతో, పలచని పూలతో ఒక మొక్క బతకాలంటే ఒకటే దారి ఉంది. ఎండాకాలమంతా భూమిలో దాక్కోవాలి. నేల మీది ఆర్కిడ్లు చేసేది అదే. ఏడాదిలో ఏడెనిమిది నెలలు నేల పైన వీటి ఆనవాలే ఉండదు. ముంగారు వానలు రెండు మూడు బాగా పడి మట్టి లోపలి దాకా తడిసిన తర్వాత, గడ్డ తల నుంచి మొలక లేస్తుంది. జూలైలో ఆకులు, ఆగస్టు సెప్టెంబరుల్లో పూలు, తర్వాత కాయలు. వానలు వెనకపట్టి నేల ఆరేసరికి ఆకులు పసుపు పచ్చగా మారి మట్టిలో కలిసిపోతాయి. వానలు సరిగా లేని ఏడు కొన్ని గడ్డలు పూయవు, కొన్నిసార్లు అసలు మొలవనే మొలవవు. అంటే ఒక ఏడు కనబడలేదు కాబట్టి మొక్క చచ్చిపోయిందని అనుకోవడానికి లేదు.

ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల పొడి గుట్టల్లో పెరిగే ఒక ఆర్కిడ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని శాస్త్రీయ నామం హబెనేరియా రాక్స్‌బర్గీ. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి తెలుగు నేల మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడి పేరే దీనికి పెట్టారు. ఆయన వైద్యుడిగా వచ్చి మొక్కల మనిషిగా మిగిలిపోయాడు. ఆ కాలంలో డాక్టర్లు మొక్కలను గుర్తుపట్టడం కూడా నేర్చుకోవలసి వచ్చేది. ఇప్పుడు మేము మాత్రలను గుర్తుపడితే చాలు!

ఈ మొక్కను గుర్తుపట్టడానికి మొదట ఆకు చూడాలి. కొద్దిపాటి ఆకులు మాత్రమే ఉంటాయి. వెడల్పుగా, గుండ్రంగా, కాస్త మందంగా ఉండి, ఎవరో అరచేత్తో నేలకు అదిమినట్టు మట్టికి అతుక్కుని పరుచుకుంటాయి. ఆకు కింద వేలు దూర్చాలన్నా కష్టమే. ఈనెలు వరి ఆకులో లాగా ఒకదాని పక్కన ఒకటి సాగుతాయి, మర్రి ఆకులో లాగా వల అల్లుకోవు. ఆకుల నడుమ నుంచి ఒకే ఒక కాడ నిటారుగా, జానెడు నుంచి మూరెడు దాకా లేస్తుంది. దాని చివర తెల్లని పూలు గుత్తంగా ఉంటాయి. పగటి కంటే సాయంత్రం వాసన బాగా వస్తుంది.

పువ్వును ఒకసారి దగ్గరగా చూడండి. బయట మూడు రేకులు, లోపల మూడు రేకులు. లోపలి మూడింటిలో ఒకటి మిగతా వాటిలా ఉండదు. అది కిందికి వేలాడుతూ మూడు పాయలుగా చీలి ఉంటుంది. దీన్ని పెదవి అంటారు. ఏ ఆర్కిడ్‌కైనా ఈ పెదవే ముఖ్యమైన గుర్తు. ఇంకో తమాషా ఉంది. మొగ్గలో ఈ పెదవి పై వైపున ఉంటుంది. విచ్చుకునే ముందు పువ్వు కాడ మెలి తిరిగి దాన్ని కిందికి తెస్తుంది. కాడ మీద ఆ మెలిక మీ కంటికే కనబడుతుంది. ఉమ్మెత్తలో కేసరాలు, కీలం విడివిడిగా కనిపిస్తాయి కదా. ఆర్కిడ్‌లో అవి రెండూ కలిసిపోయి మధ్యలో ఒకే దిమ్మెలా ఉంటాయి. పుప్పొడి కూడా పొడిలా రాలదు. చిన్న ముద్దలుగా ఉండి, వచ్చిన పురుగు ముఖానికి అతుక్కుంటుంది.

పెదవి వెనుక నుంచి సన్నని తోక ఒకటి వేలాడుతుంది. అందులో తేనె ఉంటుంది. ఆ లోతుకు నాలుక చాచగల పురుగుకే ఆ తేనె దక్కుతుంది. తెల్లని రంగు, సాయంత్రపు వాసన, పొడవైన తోక ఉన్న పూలకు సాధారణంగా చీకటి పడ్డాక ఎగిరే పెద్ద రెక్కల పురుగులు వస్తాయి. 1862లో ఛార్లెస్ డార్విన్ మడగాస్కర్ దీవి నుంచి వచ్చిన ఒక ఆర్కిడ్‌కు దాదాపు అడుగు పొడవు తోక ఉండటం చూసి, అంత పొడవు నాలుక ఉన్న పురుగు ఆ దీవిలో ఉండే ఉంటుందని రాశాడు. అప్పట్లో కొందరు నవ్వారు. ఆయన చనిపోయిన ఇరవై ఒక్క యేళ్ళకు, 1903లో, అలాంటి పురుగును శాస్త్రవేత్తలు వర్ణించారు.

ఇక ఇది ఎక్కడ పెరుగుతుందో చూద్దాం. దుక్కి దున్నే చేలో మీకు ఇది దొరకదు. మన చెనక్కాయ చేలల్లో ఏటా నాగలి, గుంటక, ట్రాక్టరు తిరుగుతాయి కాబట్టి గడ్డ నిలవదు. చెరువు కట్ట కింద నీరు నిలిచే మట్టిలోనూ కుళ్ళిపోతుంది. దీనికి కావలసినది గుట్ట వాలు. వాన నీరు తడిపి వెంటనే జారిపోవాలి. రెండు బండల సందున ఆకులు రాలి, చివికి, జానెడు మందాన మట్టి పేరుకున్న చోటు, పొదల కింద గడ్డి నీడ పడే చోటు, వంక ఒడ్డున ఎత్తు మీద. అలాంటి చోట్ల ఒకటి కనబడితే, కాస్త ఆగి చూడండి, దగ్గర్లోనే మరికొన్ని ఉంటాయి. నూరడుగులు పోతే ఒక్కటీ ఉండకపోవచ్చు.

ఎందుకలా? దానికి కారణం విత్తనం. ఆర్కిడ్ కాయ పగిలితే లోపల ఉండేది గింజ కాదు, దుమ్ము. ఒక్క కాయలోనే వేల సంఖ్యలో విత్తనాలు ఉంటాయి. గాలికి ఎంత దూరమైనా పోతాయి. కానీ చెనక్కాయలో, కందిగింజలో మొలకకు కావలసిన తిండి ఉన్నట్టు దీని విత్తనంలో ఏమీ ఉండదు. తల్లి ఏమీ కట్టి పంపని బిడ్డ అది. మట్టిలో ఉండే ఒక రకం బూజు దారాలు ఆ విత్తనంలోకి చొచ్చుకుపోయి తిండి అందిస్తేనే మొలుస్తుంది. ఈ సంగతిని 1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రాన్సు దేశపు యువ శాస్త్రవేత్త మొదట కనిపెట్టాడు. ఆ బూజు అన్ని మట్టిలోనూ ఉండదు. అందుకే లక్షల విత్తనాలు ఎగిరినా మొక్కలు అక్కడక్కడే కనిపిస్తాయి. గుట్ట మీది మొక్కను పెరికి ఇంటి ముందు కుండీలో పెట్టినవారికి తెలుసు, మొదటి ఏడు గడ్డలో ఉన్న బలంతో ఆకు వేస్తుంది, తర్వాత ఎక్కువగా చచ్చిపోతుంది. మొలిచిన విత్తనం పూసే దశకు రావడానికి కొన్నేళ్ళు పడుతుంది.

ఇప్పుడు భూమి లోపలికి వద్దాం. హబెనేరియా మొక్కను పూత కాలంలో తవ్వి చూస్తే తరచుగా రెండు గడ్డలు కనిపిస్తాయి. ఒకటి ముడతలు పడి మెత్తబడి ఉంటుంది. అది పోయిన ఏటిది, ఈ ఏడు ఆకుకూ పూవుకూ తిండి పెట్టి ఖాళీ అయింది. రెండోది గట్టిగా, నున్నగా ఉంటుంది. అది వచ్చే ఏటి మొక్క. యూరపులోని ఆర్కిడ్లలో ఈ జంట గడ్డలు పురుషుడి వృషణాల ఆకారంలో ఉండటం చూసి ప్రాచీన గ్రీకులు ఆ మొక్కకు ఆ అవయవం పేరే పెట్టారు. ఆర్కిడ్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. ఆకారం అలా ఉంది కాబట్టి తింటే మగవారికి బలం వస్తుందని, పిల్లలు పుడతారని అనుకున్నారు. ఈ నమ్మకం అక్కడి నుంచి తుర్కీ, పర్షియా దేశాల మీదుగా వ్యాపించింది. మన పచారీ కొట్లలో, మూలికల అంగళ్ళలో సాలం మిశ్రి అని అమ్మేది ఆర్కిడ్ గడ్డలను ఉడికించి ఎండబెట్టినదే. మధ్య భారతదేశంలో అమర్‌కంద్ పేరుతో అమ్మే గడ్డలు కూడా యులోఫియా అనే నేల ఆర్కిడ్లవే. తుర్కీలో ఈ పొడిని పాలలో కాచి చలికాలం తాగుతారు, ఐస్‌క్రీములో కలుపుతారు. కిలో పొడి కావాలంటే 1,000 నుంచి 4,000 గడ్డలు తవ్వాలి. అంటే అన్ని మొక్కలు, వాటితో పాటు వచ్చే ఏటి మొక్కలు కూడా పోయినట్టే. అక్కడ అడవి ఆర్కిడ్లు తరిగిపోయి, ఆ పొడి ఎగుమతిని ప్రభుత్వం నిషేధించింది.

ఇంతకూ ఆ గడ్డలో ఏముంది? పిండి పదార్థం, నీటిలో వేస్తే ఉబ్బి జిగురుగా మారే పీచు. గంజి తాగితే కడుపుకు ఎలా హాయిగా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. పిల్లలు లేని దంపతులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. ఈ గడ్డ కోసం డబ్బు, సంవత్సరాలు పోగొట్టుకోకండి. భార్యాభర్తలిద్దరూ కలిసి పరీక్షకు రండి. వీర్య పరీక్షకు పట్టేది ఒక పూట.

గడ్డ వల్ల మేలు లేకపోతే పోయింది, కీడు ఏముంది అని మీరు అడగవచ్చు. కీడు ఆర్కిడ్ గడ్డలో లేదు. దాని పొరుగున పెరిగే ఇంకొక గడ్డలో ఉంది. ఆ మొక్క పేరు అడవినాభి. కొన్ని చోట్ల అగ్నిశిఖ అంటారు. ఇది ఆర్కిడ్ కాదు. కానీ కాలం, చోటు దాదాపు ఒకటే. ఇది కూడా ఎండాకాలం నేలలో నిద్రపోతుంది, ముంగారు వానకు లేస్తుంది, పొదల్లో, కంచెల వెంట, గుట్ట వాలుల్లో పెరుగుతుంది, వానలు పోయాక ఎండిపోతుంది. నేల పైన ఉన్నంత కాలం రెండింటినీ చిన్న పిల్లలు కూడా వేరుగా చెప్పగలరు. ఆర్కిడ్ నేలకు అంటుకుని ఉంటే, నాభి తీగలా పొదల మీదికి ఎక్కుతుంది. ఆకు కొన సన్నగా సాగి స్ప్రింగులా చుట్టుకుని పక్క కొమ్మను పట్టుకుంటుంది. ఇది ఒక్కటి చూసినా సరిపోతుంది. పువ్వు మొదట పచ్చగా, తర్వాత పసుపు, ఆ పైన ఎరుపు. ఆరు రేకులూ అంచులు నొక్కులు నొక్కులుగా, మంటలా పైకి లేచి ఉంటాయి. అందం చూసి తమిళనాడు రాష్ట్రం దీన్ని తన పుష్పంగా చేసుకుంది, జింబాబ్వే దేశం కూడా.

నేల కింద మాత్రం కథ మారిపోతుంది. పచ్చిగా, పూర్తిగా ఉన్నప్పుడు నాభి గడ్డ నాగలి ఆకారంలో వంగి ఉంటుంది. సంస్కృతంలో లాంగలి అనే పేరు అందుకే వచ్చింది. కానీ మీకు పూర్తి గడ్డ ఎవరు తెచ్చి ఇస్తారు? ఆకు రాలిన కాలంలో తవ్వినది, విరిగిన ముక్క, తోలు తీసినది, ఎండబెట్టినది, లేదా కాగితంలో కట్టిన తెల్లని పొడి. ఆ దశలో ఆర్కిడ్ గడ్డ ఏదో, నాభి ఏదో, గెనుసుగడ్డ ఏదో నేను చెప్పలేను. తెచ్చినవారూ చెప్పలేరు. శ్రీలంకలోనూ మన దేశంలోనూ నాభి గడ్డను గెనుసుగడ్డ అని, అడవి దుంప అని పొరబడి వండుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

నాభిలోని విషం పేరు కాల్చిసిన్. గౌట్ అనే కీళ్ళ జబ్బుకు డాక్టర్లు ఇచ్చే చిన్న మాత్రలో ఉండేది ఇదే, కానీ అరమిల్లీగ్రాము లెక్కన. ఆ మందు తయారీకే తమిళనాడులో రైతులు ఈ మొక్కను పంటగా వేసి విత్తనాలు అమ్ముతారు. శరీరంలో ఒక కణం రెండుగా చీలకుండా ఈ పదార్థం ఆపేస్తుంది. పేగుల లోపలి పొర, ఎముక మజ్జ, వెంట్రుకల కుదుళ్ళు ఎప్పుడూ కొత్త కణాలు పుట్టిస్తూ ఉండాలి కాబట్టి దెబ్బ ముందు వాటికే తగులుతుంది. ఉడికించినా, పాలలో కాచినా ఈ విషం పోదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో ఇంకా తీవ్రంగా పని చేస్తుంది. గర్భిణులకైతే చెప్పనక్కర లేదు. ఈ మొక్కకు గర్భఘాతిని అనే పాత పేరు కూడా ఉంది.

తిన్న వెంటనే ఏమీ తెలియకపోవడమే దీనిలో ప్రమాదం. కొన్ని గంటల తర్వాత గొంతు మంట, కడుపు నొప్పి, ఆగని వాంతులు, నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. చాలామంది కలరా అనో, తిండి పడలేదనో అనుకుంటారు. సెలైన్ ఎక్కిస్తే ఒక రోజుకు కాస్త తగ్గినట్టు ఉంటుంది. సరిగ్గా అప్పుడే మీరు "బాగైంది, ఇంటికి తీసుకుపోతాం" అంటారు. తీసుకుపోకండి. రెండో రోజు నుంచి వారం లోపల రక్తపోటు పడిపోవడం, మూత్రం తగ్గడం, రక్తంలో తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు తరిగిపోవడం, ఊపిరి కష్టం కావడం జరుగుతాయి. మరణాలు ఎక్కువగా ఈ రోజుల్లోనే. దీనికి విరుగుడు మందు ఆస్పత్రుల్లో దొరకదు. డయాలసిస్ చేసినా విషం రక్తంలోంచి బయటికి రాదు. పేగుల్లో ఉన్నంత విషాన్ని త్వరగా పట్టి ఉంచడం, మిగతా రోజులు ఒక్కో అవయవాన్ని కాపాడుకుంటూ రావడం, ఇదే వైద్యం. బతికి బయటపడినవారికి కొద్ది రోజులకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోతుంది. భయపడకండి, అది తిరిగి వస్తుంది.

కాబట్టి ఎవరైనా గడ్డ తిన్నారని అనుమానం వస్తే వాంతి అయ్యే దాకా చూడకండి. ఉప్పునీళ్ళు, చింతపండు రసం తాగించకండి. గొంతులో వేలు పెట్టకండి. 108కి ఫోన్ చేసి వెంటనే బయల్దేరండి. పేగుల్లోని విషాన్ని పట్టే బొగ్గు పొడి మందు మొదటి గంటలోనే బాగా పని చేస్తుంది. మిగిలిన గడ్డ ముక్కను, తొక్కను, పొడి కట్టిన కాగితాన్ని పారేయకుండా తెండి. మొక్క నిలబడి ఉన్న చోటు తెలిస్తే ఒకరు వెళ్ళి ఆకు, పువ్వు ఉన్న కొమ్మ కోసుకు రండి. ఆకు కొన చుట్టుకుని ఉందా, ఆకు నేలకు అంటుకుని ఉందా అన్న ఒక్క మాట మీరు చెప్పినా మాకు ఎంతో సాయం. ఎంతమంది తిన్నారో దాచకండి. ఒకే కుండలోది తిన్నవారందరినీ, బాగున్నవారిని కూడా, తీసుకు రండి.

మంచం మీది మనిషికి బలం కావాలంటే, డాక్టరు పథ్యం ఏమీ చెప్పకపోతే, పల్చటి రాగి జావ, మెత్తటి సంగటి, పెసర కట్టు, గుడ్డు, ఉడికించిన చెనక్కాయలు మన ఇంట్లోనే ఉన్నాయి. పెద్దలు ప్రేమతో తెచ్చిన గడ్డను వారి ముఖం మీద కాదనడం కష్టమే. తీసుకోండి, మంచి మాట చెప్పి పంపండి, తర్వాత ఆ పొట్లాన్ని నర్సు చేతికి ఇవ్వండి. ఎవరు తెచ్చారని మేము అడగము, కోప్పడము.

వచ్చే ఆగస్టులో పశువుల వెంటో, కట్టెలకో గుట్టకు వెళ్ళినప్పుడు బండల సందుల్లో చూడండి. నేలకు అదిమినట్టున్న ఆకులు, వాటి మధ్య తెల్లని పూల కాడ కనబడితే పొద్దు వాలే దాకా ఆగి వాసన చూడండి. పిల్లలకు పెదవి, తోక, కాడ మీది మెలిక చూపించండి. గడ్డను మాత్రం తవ్వకండి. వచ్చే ఏటి మొక్క అందులోనే ఉంది.